తపాలా బిళ్ల మీద ఎవరి బొమ్మ?

రాజమండ్రిలో మా ఇంటికి స్టాంపులు చూడ్డానికి వచ్చే పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "మాస్టారూ, ఎవరి బొమ్మ వెయ్యాలో ఎవరు చెబుతారు?" ఢిల్లీలో పెద్దవాళ్లెవరో కూర్చుని అనుకుంటారని వాళ్ల నమ్మకం. అసలు కథ మొదలయ్యేది ఒక దరఖాస్తుతో. దాన్ని ఈ దేశ పౌరులెవరైనా పెట్టొచ్చు.

రోజువారీ ఉత్తరాల కోసం మళ్లీమళ్లీ అచ్చేసే మామూలు స్టాంపుల సంగతి వేరు. ఒక వ్యక్తినో, సంస్థనో, సంఘటననో తలచుకుంటూ పరిమితంగా అచ్చువేసే స్మారక స్టాంపులకే ఈ దరఖాస్తు. అనుకున్న తేదీకి రెండేళ్ల ముందే అది తపాలా శాఖకు అందాలి. కమ్యూనికేషన్ల మంత్రి అధ్యక్షతన ఉండే ఫిలాటెలిక్ సలహా సంఘం పరిశీలిస్తుంది. సరేనన్నాక చిత్రకారుడు డిజైన్ గీస్తాడు. అచ్చు నాసిక్‌లోనో, మన హైదరాబాద్ సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్సులోనో జరుగుతుంది.

మనుషుల విషయంలో పట్టింపులెక్కువ. బతికున్నవారికి సాధారణంగా వెయ్యరు. పోయి పదేళ్లన్నా కావాలి. శతజయంతో, పదో, పాతికో, యాభయ్యో, నూరో వర్ధంతో కలిసిరావాలి. ఈ ఆగడం మంచిదే అంటాను. పదేళ్ల తర్వాత కూడా జనం నోట నలిగే పేరే నిలిచే పేరు.

మినహాయింపులూ ఉన్నాయి. సంఘ సంస్కర్త కర్వేకు నూరేళ్లు నిండిన 1958లో, ఆయన ఉండగానే స్టాంపు వచ్చింది. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌కు రక్షణ పథకం గీసిచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికి 1960లో ఆ గౌరవం దక్కింది. మదర్ థెరిసాకు 1980లో, సచిన్‌కు 2013లో. గాంధీజీ స్టాంపులది మరో కథ. ఆయన ఉండగానే తలపెట్టారు, ఇంతలో హత్య జరిగింది. 1948 ఆగస్టు 15న నాలుగు విలువల్లో విడుదలైన ఆ స్టాంపులు స్విట్జర్లాండులో అచ్చయ్యాయి. భూతద్దం కింద పెడితే హిందీలో, ఉర్దూలో 'బాపూ' అన్న అక్షరాలు కనిపిస్తాయి. పిల్లలు ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగుతారు.

1952 పేజీకి వస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ ఏడాది కవులకూ భక్తులకూ వేసిన ఆరు స్టాంపుల్లో కబీరు, తులసీదాసు, మీరా, సూరదాసు, గాలిబు, ఠాగూరు ఉన్నారు. దక్షిణాదివారు ఒక్కరూ లేరు. త్యాగరాజస్వామి 1961 దాకా, వేమన 1972 దాకా ఆగాల్సి వచ్చింది. మా ఊరి వీరేశలింగం పంతులుగారికి 1974లో, అల్లూరి సీతారామరాజుకు 1986లో వచ్చాయి. ఈ రెండేళ్లూ వాళ్ల శతజయంతులు కావు. గట్టిగా అడిగితే తేదీ ఒక్కటే అడ్డం కాదని నాకు అనిపిస్తుంది. తేదీ కలవనివారికి ఇంకో దారి, ఒక అంశం మీద వేసే వరస. 2011లో అలనాటి ఆరుగురు కథానాయికలకు వేసిన వరసలో నూతన్, మీనాకుమారిల పక్కన మన సావిత్రి ఉంది.

ఒక సంగతి మాత్రం విడమరచి చెప్పాలి. డబ్బు కట్టి మన ఫొటో వేయించుకునే 'మై స్టాంప్' ఈ గౌరవం కాదు. ఎవరో తమ నాయకుడికి అలా వేయిస్తే, ప్రభుత్వం స్టాంపు విడుదల చేసిందని రాయడం సరికాదు. జాతీయ స్థాయికి చేరని ఊరి విశేషాలకు రాష్ట్ర తపాలా సర్కిల్ ఇచ్చే ప్రత్యేక కవరు ఉంది. అదీ చిన్న గౌరవమేం కాదు.

మీ జిల్లాలో రాబోయే మూడు నాలుగేళ్లలో నూరేళ్లు నిండే రచయితో, కళాకారుడో, శాస్త్రవేత్తో ఉన్నారా? వారి జీవిత విశేషాలు, చేసిన పని, మంచి ఫొటోలు, ఆధారాలు ఇప్పుడే పోగుచేసి తపాలా శాఖకు పంపండి. శతజయంతి సభ పెట్టుకున్నాక అడిగితే ఆలస్యమైపోతుంది.