మెదడులో వెలిగే దీపాలు



ఇంట్లో పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడితే ఏం చేస్తాం? నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాం. అనుమానం తీరకపోతే థర్మామీటరు పెడతాం. నూట రెండు అని తేలిందంటే ఇక ఎవరూ "బడి ఎగ్గొట్టడానికి వేషాలు" అనరు. మరి మనసు జబ్బు పడితేనో?

మా ఎదురింట్లో ఒకావిడ ఉండేది. నలుగురితో కలుపుగోలుగా ఉండే మనిషి. రెండో కాన్పు తరవాత ఉన్నట్టుండి మంచం పట్టింది. తిండి సయించదు, నిద్ర పట్టదు, చంటిబిడ్డ ఏడుస్తున్నా లేవాలనిపించదు. రక్తపరీక్షలు చేయిస్తే అన్నీ బాగానే ఉన్నాయన్నారు. దాంతో ఇంట్లోవాళ్ళు "ఒళ్ళు వంగక" అని తేల్చేశారు. ఆవిడ ముఖం చూసినప్పుడల్లా నాకు ఒకటే సందేహం కలిగేది. మెదడు లోపల జరిగేది కంటితో చూడగలిగే సాధనమే లేదా అని.

ఉందండీ. అయితే మనుషుల దాకా ఇంకా రాలేదు, ప్రయోగశాలలో జంతువుల దగ్గరే ఉంది. అలాంటి సాధనాలు తయారుచేసినవారిలో ముందు వరసలో ఉన్న ఒక స్త్రీ గురించి ఈవేళ చెప్పుకుందాం. ఆమె పేరు లిన్ టియన్. చైనాలో హెఫీ నగరంలోని విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుకుని, అమెరికా వెళ్ళి నార్త్ వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకున్నారు.

ముందు మెదడు సంగతి చూద్దాం. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. చిట్టెలుక మెదడులోనే ఏడు కోట్ల దాకా ఉంటాయి. ఇవి విద్యుత్తుతోనూ, రసాయనాలతోనూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. సన్నని తీగ గుచ్చి ఒక్కొక్క కణం మాట వినడం శాస్త్రజ్ఞులకు ఎప్పటినుంచో తెలుసు. కాని అది ఒక ఇంటి గోడకు చెవి ఆనించి ఊరి సంగతులు తెలుసుకోవాలనుకోవడం లాంటిది. అదే రాత్రిపూట డాబా ఎక్కి చూశామనుకోండి. ఏ ఇంట్లో దీపం వెలిగింది, ఎక్కడ ఆరింది, ఊరంతా ఒక్క చూపులో తెలుస్తుంది. నాడీకణం మేలుకున్నప్పుడల్లా దానిలో ఒక దీపం వెలిగేటట్టు చేయగలిగితే ఎంత బాగుంటుంది!

ఆ దీపం సముద్రంలోంచి వచ్చింది. 1961 వేసవిలో ఒసాము షిమొమురా అనే జపాను శాస్త్రజ్ఞుడు అమెరికా పడమటి తీరాన ఫ్రైడే హార్బర్ అనే చోట జెల్లీ చేపలు పట్టి, వాటి అంచుల్లో మెరిసే పదార్థం ఏమిటో వెతుకుతున్నాడు. ఆ ఒక్క వేసవిలోనే సుమారు పదివేల చేపలు కావలసివచ్చాయి. తరవాతి ఏళ్ళలో ఆయన భార్యా, పిల్లలూ కూడా వలలు పట్టుకుని సాయం చేసేవారు. ఒకరోజు ప్రయోగం మిగులు సింకులో పారబోస్తే ఒక్కసారిగా నీలికాంతి మెరిసింది. సింకులోకి సముద్రపు నీరు వచ్చి చేరుతోంది. ఆ నీటిలోని కాల్షియం తగలగానే వెలుగు వచ్చిందన్నమాట! దాన్ని పట్టుకుని వెళ్తే ఒక ప్రోటీన్ దొరికింది. దానితోపాటే, నీలికాంతి పడితే ఆకుపచ్చగా మెరిసే మరో ప్రోటీన్ కూడా దొరికింది. ఈ రెండో దానికే తరవాత ఎక్కువ పేరు వచ్చింది. 1992లో డగ్లస్ ప్రాషర్ దాని జన్యువును బయటికి తీశాడు. 1994లో మార్టిన్ చాల్ఫీ ఆ జన్యువును ఒక చిన్న పురుగులో పెట్టి, ఆ పురుగు శరీరంలోని కణాలే పచ్చగా మెరిసేటట్టు చేశాడు. రోజర్ చెన్ దానికి రకరకాల రంగులు తెప్పించాడు. షిమొమురా, చాల్ఫీ, చెన్ ముగ్గురికీ 2008లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

కాని ఎప్పుడూ వెలుగుతూ ఉండే దీపం వల్ల ఎవరు మేలుకున్నారో తెలియదు కదా. కణం మేలుకుంటేనే వెలగాలి. ఇక్కడ కాల్షియం మళ్ళీ అక్కరకు వచ్చింది. మన ఎముకల్లో ఉండే కాల్షియమే. నాడీకణం లోపల ఇది మామూలుగా చాలా తక్కువ, బయట దాదాపు పదివేల రెట్లు ఎక్కువ. కణం పలికినప్పుడు తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. 2001లో జపానులో జునిచి నకాయ్ బృందం ఒక ఉపాయం చేసింది. పచ్చని ప్రోటీన్ ఒక చిన్న డబ్బా ఆకారంలో ఉంటుంది, వెలిగే భాగం లోపల ఉంటుంది. ఆ డబ్బా గోడకు ఒకచోట కోత పెట్టి, కోతకు అటొకటి ఇటొకటి, కాల్షియాన్ని చూడగానే చేతులు కలిపే రెండు ముక్కలు అతికారు. కాల్షియం లేనప్పుడు డబ్బాకు సందు ఉంటుంది, వెలుగు మందగిస్తుంది. కాల్షియం రాగానే ఆ రెండూ పెనవేసుకుని సందు మూస్తాయి, దీపం నిండుగా వెలుగుతుంది. దీనికి జీ-క్యాంప్ అని పేరు పెట్టారు.

ఉపాయం గొప్పదే. కాని మొదటి దీపం మినుకుమినుకుమనేది. బతికున్న ఎలుక మెదడులో దానితో పని జరగడం కష్టమైంది. అప్పుడే వర్జీనియా రాష్ట్రంలోని జనీలియా పరిశోధనాలయంలో లోరెన్ లూగర్ ప్రయోగశాలలో చేరారు లిన్ టియన్. అంతకుముందు ఆమె చదివింది మెదడును చూసే పద్ధతుల గురించి కాదు. కణంలో అక్కర తీరిన ప్రోటీన్లను ముక్కలుచేసే ఏర్పాటు గురించి. అంటే ప్రోటీన్ ఎలా ముడుచుకుంటుందో, ఎక్కడ విడిపోతుందో ఎరిగిన చేయి అది.

ఆ పని ఎలా ఉంటుందంటారా? ప్రోటీన్ అంటే పూసల దండ లాంటిది. ఒక పూస తీసి మరో పూస గుచ్చాలి. కణాల్లో పెట్టి చూడాలి. వెలుగు పెరిగిందా, తగ్గిందా రాసుకోవాలి. మళ్ళీ మరో పూస. నూటికి తొంభై ప్రయత్నాలు వృథా అవుతున్నా విసుగు చెందకూడదు. పచ్చడిలో ఉప్పు చాలిందో లేదో నాలిక మీద వేసుకుని చూసి, మళ్ళీ కాస్త వేసి, మళ్ళీ చూసే మనకు ఆ ఓపిక ఏమిటో తెలుసు. ఆ కృషి ఫలితమే 2009లో ప్రచురించిన జీ-క్యాంప్-3. ఆ వ్యాసంలో మొదటి పేరు లిన్ టియన్‌ది. పురుగుల్లోనూ, ఈగల్లోనూ, ఎలుకల్లోనూ కూడా ఈ దీపం పనిచేసింది. దీని మీద ఇంకా మెరుగులు దిద్ది అదే పరిశోధనాలయంలోనివారు 2013లో జీ-క్యాంప్-6 తెచ్చారు. ఎలుక పుర్రెలో చిన్న గాజు కిటికీ అమర్చి, సూక్ష్మదర్శినితో చూస్తే, అది పరుగెడుతున్నప్పుడూ, దారి గుర్తుచేసుకుంటున్నప్పుడూ కణాలు మిణుగురుల్లా వెలుగుతూ ఆరుతూ కనిపిస్తాయి.

ఇంతటితో ఊరుకుంటే ఆమె కథ సగమే. దీపం వెలిగితే ఆ ఇంట్లో మాట్లాడుతున్నారని తెలిసింది. ఏం మాట్లాడుతున్నారు? నాడీకణాలు డోపమిన్, సెరొటోనిన్ లాంటి రసాయనాలతో కబురు పంపుతాయి. ఉత్సాహం, అలవాటు, వ్యసనం, దిగులు, చేతులు వణికే పార్కిన్సన్ జబ్బు, అన్నిటిలోనూ వీటికి చోటుంది. సన్నని గొట్టంతో మెదడులోంచి ద్రవం తీసి పరీక్షించే పద్ధతి ఉంది గాని, దానికి నిమిషాలు పడుతుంది. కబురేమో సెకనులో వచ్చి వెళ్ళిపోతుంది. 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో సొంత ప్రయోగశాల పెట్టుకున్న టియన్ ఈ చిక్కు మీద పడ్డారు. డోపమిన్‌ను అందుకోవడానికి కణం గోడలో ప్రకృతే ఒక ప్రోటీన్‌ను అమర్చింది. ఆమె బృందం దాని మధ్యలోనే పచ్చని దీపాన్ని ఇమిడ్చింది. డోపమిన్ వచ్చి తాకగానే దీపం వెలుగుతుంది. 2018లో వెలువడిన దీని పేరు డీ-లైట్. 2020లో సెరొటోనిన్‌కు మరో దీపం వచ్చింది.

2021లో వచ్చిన సైక్‌లైట్ ఇంకా చిత్రమైనది. దిగులును తగ్గించే శక్తి ఉన్న కొన్ని మందులు లేనివి ఉన్నట్టు చూపించే భ్రమలు కూడా కలిగిస్తాయి. భ్రమ కలిగించే మందు తగిలితే ఈ దీపం వెలుగుతుంది, కలిగించనిది తగిలితే వెలగదు. ఈ దీపం సాయంతో వెతికి, ఎలుకల్లో భ్రమల లక్షణాలు చూపకుండానే దిగులు లక్షణాలను తగ్గించిన ఒక కొత్త పదార్థాన్ని గుర్తించారు. 2023లో టియన్ ఫ్లోరిడాలోని మాక్స్ ప్లాంక్ నాడీశాస్త్ర సంస్థకు డైరెక్టర్లలో ఒకరుగా వెళ్ళారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ దీపం పెట్టాలంటే హాని చెయ్యని వైరస్ ద్వారా మెదడు కణాల్లోకి కొత్త జన్యువును పంపాలి, వెలుతురు వెళ్ళి రావడానికి దారి చెయ్యాలి. అందుకని ఇవి మనుషుల కోసం కావు. రేపు ఆస్పత్రికి వెళ్ళి "మెదడులో దీపాలు చూడండి" అని అడగలేము. దిగులు అంటే ఫలానా రసాయనం తక్కువ కావడమే అని తేల్చేసేంత తేలిక కూడా కాదు. మందు పుట్టకముందు జబ్బు నడిచే దారి తెలియాలి. ఆ దారి మీద వెలుతురు వెయ్యడమే వీటి పని. లిన్ టియన్ మందు కనిపెట్టలేదు, కనిపెట్టేవారి చేతికి దీపం అందించారు.

మా ఎదురింటావిడ సంగతి చెప్పలేదు కదూ. చివరికి ఆవిడ ఆడపడుచు పట్టుబట్టి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళింది. ఆర్నెల్లకు మనిషి మనిషయింది. ఆ ఆడపడుచుకు కాల్షియం సంగతి తెలియదు, డోపమిన్ పేరూ తెలియదు. వదిన అబద్ధం చెప్పడం లేదని మాత్రం నమ్మింది. కనబడనంత మాత్రాన లేదనుకోవద్దు. ఇంట్లో ఎవరైనా "నాకు ఏమీ చేయబుద్ధి కావడం లేదు" అంటే, బాలింత అయితే మరీనూ, బద్ధకం అని కొట్టిపారేయకుండా వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. మన థర్మామీటరుకు అందని జ్వరాలు కూడా ఉన్నాయి.