చిన్న పెట్టెకు కొత్త మెదడు అమర్చవచ్చా?

బ్యాంకులోనో, ఆసుపత్రి కౌంటరు దగ్గరో మానిటర్ వెనుక తగిలించిన నల్లని చిన్న పెట్టెను మీరు చూసే ఉంటారు. చూడడానికి లావుపాటి పుస్తకంలా ఉంటుంది. నిజానికి అది పూర్తి కంప్యూటరే! లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ ఈ కోవకు చెందినవే. 2017 నాటి ఒక టైనీ కొలతలు చూడండి. పొడవు, వెడల్పు సుమారు 18 సెంటీమీటర్లు, మందం మూడున్నర సెంటీమీటర్లు. దాని ఘనపరిమాణం ఎంతో మీరే లెక్కకట్టండి. ఒక లీటరు కంటె కాస్త ఎక్కువ, అంతే!

ఆఫీసులు వీటిని కొన్నేళ్ళు వాడి అమ్మివేస్తాయి. అలా తక్కువ ధరకు ఇవి విద్యార్థుల ఇళ్ళకు చేరుతుంటాయి. కొన్నాళ్ళు వాడాక, "నెమ్మదిగా నడుస్తోంది, ప్రాసెసర్ మార్చేస్తే పోలా?" అనిపిస్తుంది. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్పు. మెదడు లాంటిదన్నమాట. మరి దాన్ని మార్చవచ్చా? అమ్మానాన్నల చేత డబ్బు ఖర్చు పెట్టించే ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలి.

మొదటి ప్రశ్న: పాతది ఊడి వస్తుందా?

ప్రాసెసర్‌ను మదర్‌బోర్డు మీద రెండు విధాలుగా అమర్చుతారు. మొదటిది సాకెట్ పద్ధతి. బల్బును హోల్డరులోంచి తీసి మరొకటి పెట్టినట్లుగా చిప్పును తీసి మార్చవచ్చు. రెండవది టంకం పద్ధతి. చిప్పు అడుగున ఉన్న వందలాది సన్నని టంకపు గుండ్లను కరిగించి బోర్డుకే అతికించేస్తారు. ఇంట్లో కూర్చుని దాన్ని మార్చడం సాధ్యం కాదు.

ఒకే పేరుగల యంత్రంలో కూడా పద్ధతి మారిపోవచ్చు. ఆపిల్ కంపెనీ 2006లో తెచ్చిన మాక్ మినీలో ఇంటెల్ ప్రాసెసర్ సాకెట్‌లో ఉండేది. కొందరు ఔత్సాహికులు దాన్ని తీసి మెరుగైన చిప్పు పెట్టుకొన్నారు కూడా. 2020 నాటి ఎం1 మాక్ మినీలో చిప్పు బోర్డుకు అతికి ఉంటుంది. ఇంటెల్ తయారుచేసిన నక్ అనే చిన్న కంప్యూటర్లలో చాలావాటిలోనూ ప్రాసెసర్ టంకం వేసిందే. కాని మొదట చెప్పుకొన్న ఆఫీసు పెట్టెల్లో చాలావాటికి సాకెట్ ఉంటుంది. మన కథ ముందుకు సాగేది వాటితోనే.

రెండవ ప్రశ్న: కొత్తదాన్ని బోర్డు గుర్తిస్తుందా?

2015లో వచ్చిన ఇంటెల్ 6వ తరం ప్రాసెసర్లకు, 2017 ఆరంభంలో వచ్చిన 7వ తరం వాటికి 1151 స్పర్శ బిందువులున్న సాకెట్ వాడారు. 2017 చివర వచ్చిన 8వ తరానికి కూడా 1151 బిందువుల సాకెటే! అయితే 7వ తరం పెట్టెలో 8వ తరం చిప్పు పనిచేస్తుందా? చేయదు. బిందువుల సంఖ్య ఒక్కటే అయినా, వాటిలో కొన్నింటి పనులను ఇంటెల్ మార్చింది. బోర్డు మీద ఉండే సహాయక చిప్పులను కూడా మార్చింది. తాళంచెవి తాళంలో దూరుతుంది గాని తిరగదన్నమాట!

చిప్పు సరైనదే అయినా మరొక అడ్డంకి ఉండవచ్చు. కంప్యూటర్ మేలుకోగానే మొదట నడిచే ప్రోగ్రాం పేరు బయోస్. ప్రాసెసర్‌ను గుర్తుపట్టవలసింది అదే. 6వ తరం కోసం చేసిన బోర్డులో 7వ తరం చిప్పు పనిచేయాలంటే బయోస్‌ను కొత్తదానితో మార్చాలి. ఆ కొత్త బయోస్‌ను పెట్టె తయారుచేసిన కంపెనీ ఇస్తేనే అది కుదురుతుంది.

మూడవ ప్రశ్న: వేడి ఎటు పోతుంది?

చిన్న పెట్టెల విషయంలో అసలైన చిక్కు ఇక్కడే ఉంది. ప్రాసెసర్ తీసుకొనే విద్యుత్తు దాదాపు అంతా చివరకు ఉష్ణంగా మారుతుంది. ఆ ఉష్ణాన్ని హీట్‌సింక్ అనే లోహపు రెక్కలు గ్రహిస్తాయి, ఫ్యాన్ బయటకు తోస్తుంది. ఒక లీటరు పెట్టెలో రెక్కలూ చిన్నవే, ఫ్యానూ చిన్నదే.

2017 నాటి మూడు ఐ7 ప్రాసెసర్లను పోల్చి చూడండి. మూడింటికీ నాలుగేసి కోర్లు, అంటే నాలుగేసి లెక్కల కేంద్రాలు ఉన్నాయి.

ఐ7-7700టి: 2.9 గిగాహెర్ట్జ్, 35 వాట్లు
ఐ7-7700: 3.6 గిగాహెర్ట్జ్, 65 వాట్లు
ఐ7-7700కె: 4.2 గిగాహెర్ట్జ్, 91 వాట్లు

మొదటిదాని కంటె మూడవదాని వేగం ఒకటిన్నర రెట్లు కూడా లేదు. వాట్లు మాత్రం రెండున్నర రెట్లు దాటాయి! ఎందుకని? చిప్పు చురుకుగా పనిచేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు దాని వేగానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజి కూడా పెంచాలి. రెండూ పదేసి శాతం పెరిగాయనుకోండి. 1.1 × 1.1 × 1.1 = 1.331. అంటే వేడి 33 శాతం పెరిగిపోతుంది!

ఇరుకు వంటగదిలో కిటికీ పెంచకుండా రెండో పొయ్యి వెలిగిస్తే ఏమవుతుంది? 35 వాట్ల పెట్టెలో 65 వాట్ల చిప్పు పెట్టినా అంతే. కొన్ని యంత్రాలు అసలు మొదలే కావు. మొదలైనా, చిప్పు ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకొంటుంది. డబ్బు పెట్టి కొన్న వేగం చేతికి రాదు. బయట ఉండే చిన్న అడాప్టరు కూడా అదనపు విద్యుత్తును అందించగలగాలి.

అయితే దారే లేదా? ఉంది. ఆ పెట్టెలో ఐ3-7100టి ఉందనుకోండి. దానికి రెండే కోర్లు. దానిదీ 35 వాట్లే. ఆ నమూనాను కంపెనీ ఐ7-7700టి తో కూడా అమ్మి ఉంటే, ఆ మార్పు నిశ్చింతగా చేయవచ్చు. కోర్లు రెట్టింపవుతాయి, వాట్ల హద్దు మారదు. కంపెనీ వారి వివరాల పట్టికలో ఏయే ప్రాసెసర్ల పేర్లు ఉన్నాయో చూడడమే అన్నిటికంటె మంచి పరీక్ష.

నాలుగవ ప్రశ్న: తప్పు అసలు ప్రాసెసర్‌దేనా?

చాలామంది మరచిపోయే ప్రశ్న ఇది. పాత పెట్టెల్లో తిరిగే డిస్కు ఉంటుంది. అది నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుందనుకొందాం. కావలసిన సమాచారం కోసం సగటున అరచుట్టు ఆగాలి. అంటే సెకనులో సుమారు 240వ వంతు. అదెంత అనకండి! ఆ లోపల 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం 1 కోటి 25 లక్షల సార్లు కొట్టుకొంటుంది. మెదడు సిద్ధంగా ఉన్నా, పని అందడం లేదన్నమాట.

ఒక ప్రోగ్రాం తెరుచుకోవడానికి 60 సెకన్లు పడుతోందని ఊహించుకోండి. అందులో ప్రాసెసర్ పని 20 సెకన్లు, డిస్కు పని 40 సెకన్లు. రెట్టింపు వేగంగల ప్రాసెసర్ పెడితే 10 + 40 = 50 సెకన్లు. దాన్ని అలాగే ఉంచి, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డి పెట్టి డిస్కు పనిని పదోవంతుకు తగ్గిస్తే? 20 + 4 = 24 సెకన్లు! పనిలో ఏ భాగం వేగాన్ని పెంచితే మొత్తంమీద ఎంత లాభమో లెక్కకట్టే ఈ పద్ధతికి పునాది 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త వేశారు.

మరొక సంగతి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో సామాన్యంగా 8వ తరం గాని, ఆ తరువాతిది గాని ఉండాలి. కాబట్టి 7వ తరం పెట్టెలో ఎంత పెద్ద 7వ తరం చిప్పు వేసినా ఆ సమస్య తీరదు. అలాగని పెట్టెను పారేయనక్కరలేదు. లైనక్స్ వంటి ఉచిత వ్యవస్థతో అది ఇంకా చక్కగా పనిచేస్తుంది.

మీరే పరీక్షించండి

మీ ఇంట్లోనో, బడిలోనో విండోస్ కంప్యూటర్ ఉంటే, నెమ్మదిగా నడిచే సమయంలో టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెసర్, మెమరీ, డిస్కు ఎంతెంత శాతం పనిచేస్తున్నాయో పది నిమిషాలపాటు నిమిషానికొకసారి రాసుకోండి. డిస్కు 100 శాతం దగ్గరే ఉండి ప్రాసెసర్ 20 దగ్గర ఉంటే, ముందు ఎస్‌ఎస్‌డి సంగతి చూడండి. మెమరీ నిండిపోతుంటే మెమరీ పెంచండి. ప్రాసెసరే ఎప్పుడూ 100 చూపుతుంటే, పై మూడు ప్రశ్నలనూ వరుసగా వేసుకోండి.

మార్చడమే మంచిదని తేలితే, తెలిసిన పెద్దవారి సాయం తీసుకోండి. ముందు విద్యుత్తు తీగను పీకేయాలి. సాకెట్‌లోని సన్నని పిన్నులకు వేలు తగలనివ్వకూడదు. ఒక్కటి వంగినా బోర్డు పాడైపోవచ్చు. చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య కొత్తగా ఉష్ణవాహక పేస్టు రాయడం మరచిపోకండి. గాలి మంచి ఉష్ణవాహకం కాదని చదువుకొన్నారు కదూ! ఆ గాలి సందులను పూడ్చడమే పేస్టు పని.