డెల్ఫ్టు పాత్రల తెలుపు

హాలెండు దేశమందలి డెల్ఫ్టు నగరములో 17వ శతాబ్దిలో తయారైన పళ్లెములు నేడు అనేక మ్యూజియములలో కనబడును. పాలవంటి తెల్లని నేలపై నీలిరంగుతో పూలు, పక్షులు, ఓడలు చిత్రింపబడియుండును. చూచినవారు అవి పింగాణి అనియే అనుకొందురు. కాని అంచు పెచ్చులూడినచోట పరిశీలించినచో లోపల పసుపువన్నె మన్ను బయటపడును. ఆ తెలుపు మట్టిది కాదు, మట్టిపై కప్పిన పలుచని పొరది. ఆ పొరను తెలుపు చేసినది తగరము.

ఈ మారువేషమునకు కారణము చైనా. చైనావారు కేయొలిన్ అను తెల్లమట్టితో చేసిన పాత్రలను సుమారు 1300 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో కాల్చి, రాతివలె గట్టియైన పింగాణిని తీయుచుండిరి. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ దానిని ఓడలకొలది యూరపులో దింపినది. (మన మచిలీపట్టణములో అద్దకపు బట్టలు కొన్న ఒలందావారి కంపెనీ ఇదియే.) 1644లో మింగు వంశము కూలి చైనాలో యుద్ధములు చెలరేగగా సరకు రాక సన్నగిల్లెను. కొనువారు మాత్రము తగ్గలేదు. అప్పటికి డెల్ఫ్టులో బీరు పరిశ్రమ క్షీణించుచుండెను. ఖాళీపడిన ఆ కట్టడములలో కుమ్మరులు ఆవములు కట్టుకొనిరి. శతాబ్దాంతమునకు సుమారు 30 కార్ఖానాలు వెలసినవి.

తెల్లమట్టి వారికి లేదు. ఉన్నదొక పాత ఉపాయము. 9వ శతాబ్దిలో ఇరాకు కుమ్మరులు, వారును చైనా పాత్రలను చూచియే, దానిని కనిపెట్టిరి. అది స్పెయిను, ఇటలీల మీదుగా ఆంట్వర్ప్ నగరము చేరి, అచటినుండి వలసవచ్చిన పనివారి వెంట డచ్చి పట్టణములకు వచ్చినది.

సీసమును, తగరమును కలిపి గాలి తగులునట్లు కాల్చినచో రెండును ఆక్సైడులై బూడిదవంటి పొడిగా మారును. దీనిని ఇసుకతోను, లవణములతోను కరగించి, చల్లార్చి, మెత్తగా నూరి నీటిలో కలుపుదురు. ఇదియే పూత. సీసపు ఆక్సైడు ఇసుకను తక్కువ వేడిలోనే గాజుగా మార్చును. తగరపు ఆక్సైడు ఆ గాజులో అంతగా కరగక, అతి సూక్ష్మమైన స్ఫటికములుగా నిలిచిపోవును.

అవి తెల్లగా కనబడుట ఎట్లు? ఉపాధ్యాయులు దీనిని పటికబెల్లముతో చూపవచ్చును. పటికబెల్లపు పలుకు తేటగానుండును. నూరినచో తెల్లబడును. ప్రతి రేణువు అంచునను వెలుతురు వంగి, తిరిగి, నలుదెసలకు చెదరుటయే ఆ తెలుపు. పొడిపై నూనె పోయగనే అది చాలవరకు మాయమగును. నూనె వక్రీభవన గుణకము (సుమారు 1.47) చక్కెర గుణకమునకు (సుమారు 1.54) దగ్గర గనుక వెలుతురు అంతగా చెదరదు. గాజు గుణకము 1.5, 1.6 ప్రాంతమున నుండగా తగరపు ఆక్సైడుది సుమారు 2. తేడా ఇంత ఉండుటచేతనే పలుచని పూత సైతము మట్టి రంగును కప్పివేయును.

పూత మట్టిని అంటిపెట్టుకొనుట మరొక చిక్కు. ఆవమునుండి తీసిన పాత్ర చల్లారునపుడు మట్టికంటె పూత ఎక్కువ కుంచించుకొన్నచో నెరియలు వారును. సున్నము హెచ్చుగాగల మట్టి చల్లారునపుడు ఎక్కువ కుంచించుకొనును. అందుచేత డెల్ఫ్టువారు స్థానికపు మట్టిలో నేటి బెల్జియమునందలి టూర్నే ప్రాంతపు సున్నపుమట్టిని కలిపిరి.

ఇక చిత్రలేఖనము. సుమారు 1000 డిగ్రీల వేడిలో ఒకసారి కాలిన పాత్ర నీటిని పీల్చును. పూతలో ముంచి తీయగనే నీరు లోనికి ఇంకి, పొడి మాత్రము పైన పిండివలె నిలుచును. ఆ పిండిమీదనే బొమ్మ వ్రాయవలెను. ముగ్గు తప్పినచో చెరిపి మరల వేయవచ్చును. ఇక్కడ చెరుపబోయినచో పూతయే ఊడివచ్చును. అందువలన కాగితముపై బొమ్మ గీతల వెంట సూదితో రంధ్రములు పొడిచి, దానిని పాత్రపై నుంచి, బొగ్గుపొడి మూటతో అద్దెడివారు. ఆ చుక్కల జాడను గీతలు గీసి లోపల నీలి నింపుదురు. బొగ్గు ఆవములో కాలిపోవును. నీలినిచ్చునది కోబాల్టు. ఆ వేడికి నిలిచెడి రంగులు కొద్దియే గనుక దానికి అంత ప్రాధాన్యము కలిగెను. మెరుపు కొరకు పైన తేటయైన సీసపు పూతను కూడ చిలికించి రెండవసారి కాల్చెదరు.

కుంచె పట్టువారికి వణకని చేయి కావలెను. కాని ఆ పూతలోని సీసము చేతులనే పట్టుకొనును. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లో ప్రచురించిన వృత్తిరోగముల గ్రంథములో, సీసపు పూతతో పనిచేయు కుమ్మరులకు మొదట చేతులు వణకి, పిదప పక్షవాతము వచ్చునని వివరించెను. ఈ పాత్రల అందమును మెచ్చు పుస్తకములు ఈ సంగతిని అంతగా చెప్పవు.

1710లో జర్మనీయందలి మైసెనులో నిజమైన పింగాణి కార్ఖానా వెలసినది. పిమ్మట ఇంగ్లండులో వెడ్జివుడ్డు చేసిన మీగడవన్నె పాత్రలు చవుకగాను, గట్టిగాను వచ్చెను. డెల్ఫ్టు ఆవములు ఒక్కొక్కటే చల్లారెను. 1653లో స్థాపితమైన ‘డె పోర్సెలేనె ఫ్లెస్’ ఒక్కటే ఆ నగరమున మిగిలెను. 1876లో దానిని కొన్న యోస్ట్ టూఫ్టు మరల నీలి చిత్రములు వ్రాయించెను గాని, తగరపు పూతను విడిచి, తెల్లగా కాలెడి మట్టినే తెచ్చెను. అందు బొమ్మను మట్టిపైననే వ్రాసి, పైన తేటయైన పూత వేయుదురు. అట్టి పళ్లెము అంచు పెచ్చులూడినను లోపల తెలుపే కనబడును.