52 మంది ఎక్కారు, 53 మంది దిగారు

డేటాబేస్ ల్యాబ్‌లో ఒకే మనిషి రెండు టేబుళ్లలో రెండు పేర్లతో ఉంటే ఎలా కలపాలి అన్న ప్రశ్నకి ఉదాహరణ వెతుకుతుంటే నార్వే వలసల రికార్డులు తగిలాయి. అసలు ల్యాబ్ పని అక్కడే ఆగిపోయింది, వారం రోజులు వీటిలోనే ఉన్నాను.

1825 జూలై మొదట్లో స్టావాంగర్ రేవు నుంచి 'రెస్టౌరేషన్' అనే తెరచాప ఓడ అమెరికాకి బయల్దేరింది. పొడవు 54 అడుగులే, మన కాలేజీ బస్సు ఒకటిన్నర అనుకోండి. 52 మంది ఎక్కారు. దారిలో ఒక పాప పుట్టింది కాబట్టి అక్టోబర్ 9న న్యూయార్క్ చేరింది 53 మంది.

చేరగానే ఓడని జప్తు చేశారు. 1819 అమెరికా చట్టం ప్రకారం ఐదు టన్నులకి ఇద్దరే ప్రయాణికులు ఉండాలి. ఈ ఓడ 40 టన్నులు కూడా లేదు. జరిమానా 3,150 డాలర్లు! అంత డబ్బు వాళ్ల దగ్గర ఎక్కడుంది? ప్రెసిడెంట్‌కి అర్జీ పెట్టుకున్నారు. నవంబర్ 15న జాన్ క్విన్సీ ఆడమ్స్ మాఫీ చేశాడు. రూల్ తప్పారు కాబట్టే ఇన్ని కాగితాలు మిగిలాయి. అంతా సవ్యంగా జరిగి ఉంటే ఇంత దొరికేది కాదు. మన ఎర్రర్ లాగ్ లాంటిదన్నమాట. తమాషా ఏంటంటే, కెప్టెన్లు ప్రయాణికుల జాబితా ఇవ్వాలని చెప్పింది కూడా ఆ చట్టమే.

నార్వే వైపు పోలీసులు వలసదారుల రిజిస్టర్లు మొదలుపెట్టింది 1867లో. అంతకుముందు దిక్కు చర్చి పుస్తకాలే. ఊరు విడిచి వెళ్లేవాళ్ల పేరు పాదిరి రాసుకునేవాడు. చెప్పకుండా వెళ్లినవాళ్లకి అక్కడ ఒక లైను కూడా లేదు. 1850 తర్వాత చాలా ఓడలు క్విబెక్‌కి వెళ్లాయి, మనుషుల్ని దింపి కలప నింపుకుని వచ్చేవి. కానీ క్విబెక్ జాబితాలు వరసగా మిగిలింది 1865 నుంచే. మధ్యలో వెళ్లిన వేలమందికి తరచుగా ఒక్క చర్చి లైనే ఆధారం.

ఇక పేర్లు! ఓలె కొడుకు ఓల్సెన్, దాని వెనక ఉంటున్న పొలం పేరు. పొలం మారితే పేరూ మారేది. అమెరికా వెళ్లాక అన్న తండ్రి పేరు, తమ్ముడు పొలం పేరు పెట్టుకుంటే ఇంటిపేర్లు రెండయ్యేవి. అందుకే నేను పేరు వదిలేసి, చర్చి, పుట్టిన తేదీ కలిపి కీగా పెట్టాను.

ఆ చర్చి పుస్తకాల స్కాన్‌లు నార్వే డిజిటల్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. పాత గోథిక్ చేతిరాత మాత్రం చుక్కలు చూపిస్తుంది. ఇప్పటికి నేను తడుముకోకుండా చదవగలిగేది ఒకే మాట, ఎక్కడికి వెళ్తున్నారో రాసే గడిలోది: అమెరికా.