కట్టల్లోని కాగితాలకు కంప్యూటర్ దారి
ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో సంస్థల దస్త్రాలు భద్రం
జాగ్రత్తలు పాటిస్తేనే ప్రయోజనం

శంకర్‌పల్లి: పదేళ్ల కిందటి తీర్మానం నకలు కావాలని ఎవరైనా అడిగితే చాలు, అనేక సంస్థల్లో వెతుకులాట మొదలవుతుంది. బీరువాలు తెరవాలి, గుడ్డమూటలు విప్పాలి, దుమ్ము దులపాలి. అయినా దొరుకుతుందన్న నమ్మకం ఉండదు. చెదలు తిన్నవి కొన్నయితే, పాత కార్యదర్శి ఇంట్లోనే ఉండిపోయినవి మరికొన్ని. భూముల ధరలు పెరిగిన చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి ప్రాంతాల్లో ఒక్క కాగితం కనిపించకపోయినా వివాదం ఏళ్ల తరబడి సాగవచ్చు. గ్రామ పంచాయతీగా ఉన్న శంకర్‌పల్లి 2018లో పురపాలక సంఘంగా మారింది. ఇలా పాలన స్వరూపం మారినప్పుడల్లా పాత దస్త్రాలను పదిలంగా అప్పగించడం పెద్ద పనే.

చట్టమూ ఇదే చెబుతోంది
ప్రభుత్వ సంస్థలు తమ రికార్డులన్నింటినీ వర్గీకరించి, సూచికలతో భద్రపరచాలని సమాచార హక్కు చట్టం-2005లోని 4వ సెక్షన్ నిర్దేశిస్తోంది. వీలైన వాటిని కంప్యూటరీకరించాలనీ పేర్కొంటోంది. దరఖాస్తు అందిన 30 రోజుల్లోగా సమాచారం ఇవ్వాలన్నది 7వ సెక్షన్. ఈ చట్టం పరిధిలోకి రాని కాలనీ సంక్షేమ సంఘాలు, ప్రైవేటు పాఠశాలలకూ సభ్యులకు, తల్లిదండ్రులకు లెక్క చూపాల్సిన బాధ్యత ఉంది.

రెండూ ఒకటి కాదు
సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్ ప్రధానంగా రెండు రకాలు. ప్రకటనలు, ఫొటోలు, వార్తలు వెబ్‌సైట్‌లో ఉంచేందుకు వాడేది మొదటిది. వర్డ్‌ప్రెస్, ద్రుపాల్, జూమ్లా ఈ కోవలోవే. తీర్మానాలు, బిల్లులు, ఒప్పందాలను లోపల భద్రపరిచి, ఎవరు చూడవచ్చో, ఎవరు మార్చవచ్చో నిర్ణయించేది రెండోది. మయాన్, పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్ వంటివి ఇందుకు ఉపయోగపడతాయి. మొదటి దానితోనే రెండో పనీ కానిద్దామనుకుంటే రహస్యంగా ఉండాల్సిన పత్రాలు బయటపడే ప్రమాదముంది.

ఇవన్నీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే. అంటే వాటి సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, అవసరమైతే మార్చుకోవచ్చు. అసలు లాభం డబ్బు మిగలడం కాదు. అమ్మిన కంపెనీ మూతపడినా, ఏటా కట్టే రుసుము పెంచినా సంస్థ కాగితాలు సంస్థ చేతిలోనే ఉంటాయి. మరొకరిని పిలిపించి పని కొనసాగించుకోవచ్చు.

పొరుగునే ఉదాహరణలు
ఇందుకు దూరం వెళ్లనక్కర్లేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తన పరిశోధన పత్రాలను అందరికీ అందుబాటులో ఉంచాలని 2009లో విధానం ప్రకటించింది. అందుకు ‘ఈప్రింట్స్’ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్ పరిశోధన భాండాగారమూ దీనిపైనే రూపుదిద్దుకుంది. దేశవ్యాప్తంగా విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఒకచోట చేర్చిన ‘శోధ్‌గంగ’ నడుస్తున్నది ‘డీస్పేస్’పై. దీన్ని అమెరికాలోని ఎంఐటీ గ్రంథాలయం, హెచ్‌పీ సంస్థ కలిసి 2002లో విడుదల చేశాయి.

తెలుగుతో తిప్పలు
మన సంస్థలకు ఎదురయ్యే ప్రత్యేక సమస్య భాష. ‘అను’ వంటి పాత ఫాంట్లలో డీటీపీ చేయించిన పత్రాలు తెరపై తెలుగులోనే కనిపించినా, కంప్యూటర్‌కు అవి తెలుగు అక్షరాలు కావు. వెతికితే దొరకవు. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. స్కాన్ చేసిన ముద్రిత పత్రాల్లోని అక్షరాలను ‘టెసరాక్ట్’ అనే ఓపెన్ సోర్స్ సాధనం గుర్తిస్తుంది. పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్ దీన్నే వాడుకుంటుంది. అయితే తెలుగు భాషా ఫైలును విడిగా చేర్చుకోవాలి. చేతిరాతను మాత్రం ఇది నమ్మకంగా చదవలేదు. పాత మినిట్స్ పుస్తకాలను స్కాన్ చేసినప్పుడు తేదీ, విషయం, సర్వే నంబరు వంటి వివరాలను మనిషే నమోదు చేయాలి.

ఉచితమే కానీ..
సాఫ్ట్‌వేర్‌కు డబ్బు చెల్లించనక్కర్లేకపోయినా కంప్యూటరు, స్కానరు, నిర్వహించే మనిషికి ఖర్చు తప్పదు. పెద్ద సంస్థలు వాడే ‘అల్‌ఫ్రెస్కో’ వంటి వాటికి ఉచిత కూర్పుతో పాటు డబ్బు చెల్లించాల్సిన కూర్పూ ఉంది. ఏది దేనికో ముందే తెలుసుకోవాలి. వెబ్‌సైట్‌కు వాడే సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు తాజాపరచకపోతే హ్యాకర్లకు తలుపులు తెరిచినట్లే. పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్‌లో పత్రాలు సంకేత రూపంలో దాగి ఉండవు. కనుక దాన్ని కార్యాలయంలోని కంప్యూటర్‌లోనే ఉంచి, బయటివారికి అందకుండా చూసుకోవాలి.

ఇలా మొదలుపెట్టాలి
*గదినిండా ఉన్న కాగితాలను ఒకేసారి ముట్టుకోవద్దు. తరచూ అడిగే ఒక్క రకం పత్రాలతో ప్రారంభించాలి.
*ఫైలు పేర్లకు ఒకే పద్ధతి పాటించాలి. ఏడాది, విభాగం, విషయం వరుసలో రాస్తే మేలు.
*దీర్ఘకాలం నిలిచేందుకు రూపొందించిన పీడీఎఫ్-ఏ రూపంలో దాచాలి.
*రెండు నకళ్లు తీసి, ఒకటి మరో భవనంలో ఉంచాలి. అవి తెరుచుకుంటున్నాయో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.
*పాస్‌వర్డు ఒక్కరి వద్దే ఉండరాదు. బాధ్యులు మారినప్పుడు రాతపూర్వకంగా అప్పగించాలి.
*స్కాన్ చేశామని అసలు పత్రాలను పారేయరాదు. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డు చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం-2023లోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాల్సి ఉంటుంది.

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ముందుగా ఒక్క ప్రశ్న వేసుకోవాలి. రేపు దీన్ని వద్దనుకుంటే మన పత్రాలన్నీ చెక్కుచెదరకుండా బయటికి తీసుకోగలమా? ఔనని తేలాకే మొదటి కాగితం స్కాన్ చేయాలి. లేకుంటే బీరువా పోయి కంప్యూటర్ వస్తుంది తప్ప వెతుకులాట తప్పదు.