డబ్బాలో మల్బరీ పండ్లు

మా పెద్దమ్మాయి తన పుస్తకంలో బ్లాక్‌బెర్రీ బొమ్మ చూసి, ఆ చెట్టు మనమూ పెంచుదామని పట్టుబట్టింది. అది చలిదేశపు ముళ్లపొద. దాని రకాలలో చాలావాటికి మన బెంగుళూరు చలి చాలదు. కాని చూపులకు అచ్చం అలాగే ఉండే మల్బరీ మన చుట్టూ ఉన్నదే కదా! కన్నడిగులు హిప్పునేరళె అంటారు. మా అమ్మ కంబళిచెట్టు అంటుంది. ఇక్కడ పట్టుపురుగుల కోసం ఆకు కోసేవారే గాని పండు సంగతి పట్టించుకొనేవారు తక్కువ.

మాది అద్దె ఇల్లు. నేలలో నాటే యోగం లేదు. 20 లీటర్ల పెయింటు డబ్బా ఒకటి శుభ్రంగా కడిగి, అడుగున తూట్లు పొడిచి, ఎర్రమట్టి రెండు పాళ్లు, పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి నింపాను. రామనగరం వైపు నుంచి వచ్చే సహోద్యోగి ఒకరు పట్టుతోటలోని కొమ్మలు తెచ్చి ఇచ్చారు. పెన్సిలు లావున, జానెడు పొడవున, నాలుగు కన్నులుండేలా కోసి, రెండు కన్నులు మట్టిలోకి పోయేలా గుచ్చాను. నెల తిరక్కుండానే చిగిర్చాయి. ఏడాదిపాటు నీళ్లు పోస్తే పూత వచ్చింది గాని పిందె రాలేదు. పచ్చని తోకల వంటి గుత్తులు పుప్పొడి రాల్చి ఎండిపోయినవి. పిల్ల రోజూ లేవగానే వెళ్లి చూసి ఉసూరుమనేది. మల్బరీలో మగచెట్టు వేరుగా, ఆడచెట్టు వేరుగా ఉండవచ్చునని నాకప్పుడు తెలియదు. మెట్రిక్‌తో ఆగిన చదువాయె! కాబట్టి పాఠకులారా, మీ కళ్లతో పండు చూసిన చెట్టునుంచే కొమ్మ తెచ్చుకోండి. ఈ ఒక్క మాట తెలిసివుంటే మాకు ఏడాది మిగిలేది.

రెండవ కొమ్మ మా వీధి చివరి కాంపౌండులోని చెట్టుది. అది ఏడాదిలోపే కాచింది. దీని కిటుకేమంటే, పండ్లు కొత్త చిగుళ్ల మీదనే వస్తాయి. అందుచేత కాపు కాగానే కొమ్మలను సగానికి కత్తిరించి, మిగిలిన ఆకు దూసివేసి, గుప్పెడు ఎరువు వేసి నీరు పెట్టాలి. చిగురుతోపాటే పిందె కనబడుతుంది. మొదటిసారి నేను కత్తెర పట్టగానే మా అమ్మ, "పచ్చని చెట్టును మోడు చేస్తావేమిరా?" అని ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. 7, 8 వారాలకు పండ్లు దిగితే మొదటి పండు ఆమే తిన్నది.

ఎండ రోజుకు 6 గంటలైనా తగలాలి. వేసవిలో రెండు పూటలా నీరు. కొన ఆకులు ముడుచుకొని ముద్దగా అయితే పిండినల్లి పట్టిందన్నమాట. ఆ కొన తుంచి కాల్చివేయండి. పండు ఎర్రగా ఉన్నప్పుడు పులుపు; నల్లబడి, ముట్టుకుంటే చేతిలోకి వచ్చినప్పుడే తీపి. కోసిన తర్వాత మగ్గదు, మర్నాటికి నీరు కారుతుంది.

ఇక పిట్టల సంగతి. పిగిలిపిట్ట ఒకటి కడుపునిండా తిని, ఇంటి యజమానిగారు ఆరవేసుకొన్న తెల్లపంచె మీద ఊదారంగు రెట్ట వేసింది. నెలాఖరులోగా డబ్బా తీసివేయమన్నారు. పిల్ల అన్నం మానేసింది. పచ్చి మల్బరీకాయ రసంతో రుద్దితే ఆ మరక పోతుందని అమ్మ చెప్పగా రుద్ది ఉతికాను, చాలావరకు పోయింది. పంచెతోపాటు గిన్నెడు పండ్లు పంపాము. డబ్బాను తీగకు దూరంగా నీళ్లతొట్టి పక్కకు జరిపి, పాత దోమతెర కప్పాము. నెలాఖరు వచ్చింది, పోయింది. ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మొన్న వారి కోడలు వచ్చి ఒక కొమ్మ అడిగి తీసుకొని వెళ్లింది.