చుట్టాన్ని దొంగ అనుకున్న కాపలాదారు

ఉద్దానంలో జీడితోట ఉన్నవారికి కాపలా సంగతి వేరే చెప్పనక్కర లేదు. పిక్కలు రాలే రోజుల్లో కాపలా లేకపోతే తెల్లవారేసరికి చెట్టు కింద ఏమీ మిగలదు. అయితే కాపలా మనిషి కొత్తవాడైతే మరో చిక్కుంది. అర్ధరాత్రి బండి దిగి తోటకు అడ్డంపడి వచ్చిన మేనమామను కూడా దొంగే అని నిలబెట్టేస్తాడు. తప్పు అతనిదా? ముఖం తెలియదు. చీకట్లో ఎవరో తోటలోకి రావడం ఒక్కటే అతనికి కనిపించింది.

సరిగ్గా ఇటువంటి చిక్కే ఈ మధ్య నా కంప్యూటర్లో వచ్చి పడింది.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఎం.ఏ. పూర్తయిన కొత్తలో టెక్కలి, పలాస చుట్టుపట్ల పల్లెలూ, సముద్రపొడ్డు ఊళ్ళూ తిరిగి, జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్ళు పాడుకునే పాటలూ, సామెతలూ నాలుగు నోటుపుస్తకాల నిండా రాసుకున్నాను. 2007లో వాటిని టెక్కలిలో టైపు చేయించాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి చెట్లతోపాటు నా నోటుపుస్తకాలూ పోయాయి. ఇంటి పెంకులు లేచిపోయి పెట్టె నానిపోయింది. పాడిన ముసలమ్మల్లో చాలామంది ఇప్పుడు లేరు. మిగిలింది ఆ టైపు చేయించిన ఫైలు ఒక్కటే.

కొత్త కంప్యూటరు కొని ఆ ఫైలు తెరిచాను. ఏముంది? తెలుగు మాయం! ఇంగ్లీషు అక్షరాలూ, గీతలూ, చుక్కలూ. ఆ రోజుల్లో ఏ కంపెనీ తెలుగు ఫాంటు దారి దానిదే. ఆ ఫాంటు లేనిచోట అక్షరం తెలుగుగా కనిపించదు. అదృష్టవశాత్తూ ఆ సాఫ్ట్‌వేర్ సీడీ బీరువాలో ఉంది. సీడీ డ్రైవు అరువు తెచ్చి ఇన్‌స్టాల్ చేయబోయాను. సగంలో ఆగి "ఫైలు కనబడలేదు" అంది. సీడీ మెత్తని గుడ్డతో తుడిచాను. మళ్ళీ అదే పాట. గుండె జారిపోయింది.

కాశీబుగ్గలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడొకడు మా పాత విద్యార్థి. అంతా చూచి నవ్వాడు.

"సీడీకి ఏటీ అవలేదు మాస్టారూ. ఫైలు మీ కాపలాదారే ఎత్తుకుపోయాడు."

"కాపలాదారెవరోయ్?"

"యాంటీ స్పైవేరండి."

స్పైవేరంటే వేగులవాడు. మనకు తెలియకుండా కంప్యూటర్లో దూరి, మన గుట్టు బయటికి చేరవేసే ప్రోగ్రాము. వాణ్ణి పట్టేది యాంటీ స్పైవేర్. సీడీలోని సెటప్ ముందుగా తన మూటలు విప్పి కంప్యూటర్లో తాత్కాలికంగా ఒకచోట పెడుతుంది. కాపలాదారు వాటిని సోదా చేసి, అనుమానం వచ్చినదాన్ని క్వారంటైన్‌లో వేస్తాడు. కరోనా రోజుల్లో మనమందరం నేర్చుకున్న మాటే. పాపం, సెటప్‌కు ఆ సంగతి తెలియదు. పెట్టినచోట ఫైలు లేదని గోల పెడుతుంది. నింద సీడీ మీద పడుతుంది!

ఇంతకీ అనుమానం దేనికి? తెలుగు కీబోర్డు ప్రోగ్రాము మనం నొక్కే ప్రతి మీటనూ మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరంగా మారుస్తుంది. పాస్‌వర్డులు కాజేసే వేగులవాడూ ప్రతి మీటనూ అలాగే పట్టుకుంటాడు. ఉద్దేశాలు వేరు, నడక ఒక్కటే. కాపలాదారుకు కనిపించేది నడకే కదా!

అలాగని కాపలాదారుది వట్టి చాదస్తం అనుకోకండి. 2005లో సోనీ బీఎంజీ కంపెనీ అమ్మిన కొన్ని పాటల సీడీలు కంప్యూటర్లో పెడితే, రహస్యంగా ఒక ప్రోగ్రాము దూరి దాక్కునేది. ఆ అక్టోబరులో మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు దాన్ని బయటపెట్టాక, కంపెనీ సీడీలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కాపలాదారూ పొరపడతాడు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ వారి యాంటీవైరస్ విండోస్ ఎక్స్‌పీలోని అత్యవసరమైన ఫైలునే వైరస్ అనుకుని పట్టేసింది. ఎన్నో కంప్యూటర్లు మూలపడ్డాయి.

మరి ఏం చెయ్యాలి? మా కుర్రవాడు చేసిన వరస చెబుతాను.

మొదట విండోస్ సెక్యూరిటీలో "ప్రొటెక్షన్ హిస్టరీ" చూశాడు. ఎవర్ని పట్టుకున్నదీ అక్కడ రాసి ఉంటుంది. అక్కడ ఏమీ లేకపోతే కాపలాదారు నిర్దోషి. సీడీ గీసుకుపోయి ఉండవచ్చు. లేదా సెటప్ మరీ పాతది కావచ్చు. 16 బిట్ సెటప్‌లు 64 బిట్ విండోస్‌లో బొత్తిగా నడవవు.

తరవాత, సీడీ ఎక్కడిదని నన్నడిగాడు. కొన్న అసలు సీడీ అయితే సరే. ఎవరో ఇచ్చిన నకలైతే కాపలాదారు మాటే వినాలి. అసలుదైనా సెటప్ ఫైలును వైరస్‌టోటల్ వెబ్‌సైటులో పరీక్షకు పెట్టాడు. అక్కడ పదుల కొద్దీ కాపలాదారులు ఒకేసారి చూస్తారు. ఒకరిద్దరు కాదన్నా ఫరవాలేదు. సగం మంది దొంగ అంటే దొంగే!

అటుపైన పట్టుబడిన ఆ ఒక్క ఫైలును విడిపించి, దానికి మాత్రం అనుమతి ఇచ్చి, సెటప్ మళ్ళీ నడిపాడు. అప్పటికీ కాకపోతే ఇంటర్నెట్ తీసేసి, కాపలా కాసేపు ఆపి, ఇన్‌స్టాల్ కాగానే మళ్ళీ పెట్టి, కంప్యూటరంతా ఒకసారి వెతికించాలట. ఒకే తోటకు ఇద్దరు కాపలాదారులను పెట్టకూడదనీ చెప్పాడు. ఒకర్నొకరు దొంగ అనుకుంటారు.

ఫైలు తెరుచుకుంది. మొదటి పుటలో వజ్రపుకొత్తూరు వైపు ఒక అవ్వ పాడిన పాట. కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

ఆ రాత్రే అంతా యూనికోడ్‌లోకి మార్పించాను. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. అందులో రాసినది ఏ కంప్యూటర్లోనైనా, ఫోనులోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. మార్పిడిలో కొన్ని ఒత్తులు తారుమారయ్యాయి. కూర్చుని దిద్దుకుంటున్నాను.

వచ్చేటప్పుడు కుర్రవాడన్నాడు: "కాపలాదార్ని మానిపించకండి మాస్టారూ. చుట్టం వచ్చినప్పుడు మీరే ఎదురెళ్ళి తెచ్చుకోండి."

మీ బీరువాలోనూ అటువంటి పాత సీడీ ఉంటే, అది పాడు కాకముందే ఒకసారి తీసి చూడండి.